సెలవులో కూడ పని చేయవలెనా?

ఏప్రిలు నెలాఖరున బడి మూసిన పిమ్మట ఒక ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో అత్తవారి ఊరికి పోయెననుకొందము. మూడవనాడు భోజనమునకు కూర్చున్న వేళ జేబులోని ఫోను మ్రోగినది. విద్యార్థుల వివరముల పట్టికలో ఒక గడి ఖాళీగా ఉన్నదట; సాయంకాలములోగా నింపి పంపవలెనట. పని పది నిమిషములకన్న ఎక్కువ కాదు. ఆయన దానిని ముగించి మరల విస్తరి ముందు కూర్చుండెను. ఇందువలన ఆయన సెలవులో ఎంత భాగము నష్టమైనది? పది నిమిషములే అని అంకగణితము చెప్పును. శరీరశాస్త్రమును మనశ్శాస్త్రమును మాత్రము అట్లు చెప్పవు. వాని లెక్క వేరు.

అలసటను కూడ కొలువవచ్చునని చూపినవారిలో ఇటలీ దేశమున టూరిన్ నగరమందలి శరీరశాస్త్రాచార్యుడు ఆంజెలో మోస్సో ముఖ్యుడు. ఆయన ఎర్గోగ్రాఫు అను పరికరమును నిర్మించెను. చేతిని బల్లపై కదలకుండ బిగించి, నడిమివ్రేలికి ఒక త్రాడు తగిలించి, దాని రెండవ కొనను కప్పీ మీదుగా తెచ్చి ఒక బరువును వ్రేలాడదీయుదురు. తాళము తప్పకుండ వ్రేలిని ముడుచుచు ఆ బరువును ఎత్తుచుండవలెను. ఎత్తిన ప్రతిసారి ఒక మొన మసి పూసిన కాగితముపై గీత గీయును. మొదటి గీతలు పొడవుగా ఉండును. రాను రాను అవి కురుచయగును. తుదకు మనిషి ఎంత పట్టుపట్టినను బరువు కదలదు. అలసట యొక్క చిత్రపటము ఈ విధముగా కాగితముపై నిలుచును.

మోస్సో 1891లో ప్రకటించిన ‘అలసట’ అను గ్రంథములో ఆయన సహచరుడు మజ్జోరా చేసిన ఒక ప్రయోగము కలదు. 30 మార్లు బరువెత్తగా వ్రేలు పూర్తిగా అలసిపోయినది. మరల మొదటి శక్తి వచ్చుటకు 2 గంటలు పట్టినది. మరొకసారి 15 మార్లకే ఆపివేసిరి. సగము పనికి సగము విశ్రాంతి, అనగా ఒక గంట కావలెనని మనము ఊహింతుము. కాని అరగంటయే చాలినది! అనగా మొదటి 15 మార్లకు ధర అరగంట. తరువాతి 15 మార్లకు ధర గంటన్నర. బరువు అదే, వ్రేలు అదే, ధర మాత్రము మూడింతలు. అలసిన వాని చేత చేయించిన పని ఎంత ఖరీదైనదో దీనివలన తెలియుచున్నది. కప్పీ, త్రాడు, చిన్న బరువు ఉన్నచో బడి ప్రయోగశాలలో విద్యార్థులే దీనిని చేసి చూడవచ్చును. నొప్పి పుట్టువరకు మాత్రము పోరాదు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు సంగతి మరొకటి కలదు. మజ్జోరా విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన పిదప తన వ్రేలినే ఎర్గోగ్రాఫునకు తగిలించి చూచుకొనెను. పరీక్షించినది మనస్సు, మాటలాడినది నోరు. అయినను వ్రేలి శక్తి బాగుగ తగ్గిపోయినది. కుర్చీలో కూర్చుండి చేసిన పనికి అలసట ఏమి అనువారికి ఇది సమాధానము.

ఒక వ్రేలి విషయమున నిజమైనది వేలమంది విషయమున నిజమగునా? మొదటి ప్రపంచ యుద్ధము దానిని పరీక్షించు అవకాశము కల్పించినది. బ్రిటనులో మందుగుండు కర్మాగారములు ఆదివారము కూడ విడువక నడిచినవి. 1915లో ప్రభుత్వము ఆ కార్మికుల ఆరోగ్యమును విచారించుటకు ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము తరఫున వెర్నన్ మొదలగువారు గంటలను, తయారైన వస్తువులను జాగ్రత్తగా లెక్కించిరి. ఆ పాత లెక్కలనే జాన్ పెన్‌కావెల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఒక శతాబ్దము తరువాత, 2014లో, తిరిగి పరిశీలించెను. వారమునకు 70 గంటలు పని చేసినప్పుడు వచ్చిన ఉత్పత్తికిని, 56 గంటలు పని చేసినప్పుడు వచ్చిన ఉత్పత్తికిని పెద్ద భేదము లేదని తేలినది. పై 14 గంటలు దాదాపు వ్యర్థము. ఆదివారము విశ్రాంతి లేకపోవుట వలన వారపు మొత్తము ఉత్పత్తియే దెబ్బతినుచున్నట్లు కూడ కనబడినది.

మన దేశమున ఈ విషయమును కార్మికులు ముందే గ్రహించిరి. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికులు చేసిన ఆందోళన ఫలితముగా 1890లో వారికి ఆదివారము సెలవు లభించినది. ఏటేట జీతముతో కూడిన సెలవు అను భావము తరువాత వచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లో దీనిపై ఒక ఒడంబడిక చేసినది. మన 1948 ఫ్యాక్టరీల చట్టము ఏడాదిలో 240 దినములు పని చేసిన వయోజనునకు, చేసిన ప్రతి 20 దినములకు ఒక దినము చొప్పున మరుసటి ఏట సెలవు నిర్ణయించినది. 240ని 20తో భాగించినచో 12 దినములు. ఇట్లు సంపాదించినది కనుకనే ఆర్జిత సెలవు అను పేరు. ఇది యజమాని దయతో ఇచ్చునది కాదు.

ఇక ఫోను సంగతి చూతము. కర్మాగారపు కార్మికుడు గేటు దాటినంతనే యంత్రము అతనిని వదలిపెట్టెడిది. నేడు యంత్రము జేబులోనే వచ్చుచున్నది. అది మ్రోగకపోయినను మ్రోగవచ్చునను ఎదురుచూపు ఉండును. ఆ ఎదురుచూపునకు శరీరము ఏమైన వెల చెల్లించునా? జర్మనీలో యాన్ డెట్మర్స్ మొదలగువారు 13 సంస్థలకు చెందిన 132 మంది ఉద్యోగులపై చేసి 2016లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పుచున్నది. పని వేళలు ముగిసిన తరువాత కూడ పిలిచిన పలుకవలెనను నియమము ఉన్న దినములను, అట్టి నియమము లేని దినములను వారు పోల్చి చూచిరి. నియమము ఉన్న దినము గడచిన మరునాటి ఉదయమున ఉద్యోగుల ఉత్సాహము తక్కువగా ఉన్నది. ఒత్తిడి కాలమున రక్తములో పెరుగు కార్టిసాల్ అను హార్మోను నిద్ర లేచినంతనే ఎక్కువగా కనబడినది. అట్టి గంటలను తీరిక అనరాదని వారు నిర్ణయించిరి. ఇంట ఉన్నంత మాత్రమున విశ్రాంతి లభించినట్లు కాదన్నమాట.

పది నిమిషముల పని తరువాత మనస్సు ఎక్కడ ఉండును అనునది రెండవ ప్రశ్న. ఒక పనిని పూర్తికాకుండ విడిచి మరియొక పనికి పోయినచో అవధానములో కొంత భాగము వెనుకనే ఉండిపోవుననియు, అందుచేత రెండవ పని చెడుననియు సోఫీ లెరాయ్ 2009లో చూపినది. దీనికి ఆమె ‘అవధాన శేషము’ అను అర్థము వచ్చు పేరు పెట్టినది. భాగహారములో శేషము వంటిదే ఇది. మన ఉపాధ్యాయుడు పట్టిక పంపెను కాని, అది అందినదా, సరిపోయినదా, మరల అడుగుదురా అను శేషము మిగిలియే ఉన్నది. పక్కన కుమారుడు చెప్పుచున్న కథ సగమే ఆయన చెవిని పడును. ఆ నష్టమును ఏ గడియారమును చూపలేదు.

సెలవు వలన కలుగు మేలు కూడ ఒక్కమారుగా వచ్చునది కాదు. నెదర్లాండ్సులో జెస్సికా డి బ్లూమ్ మొదలగువారు సగటున 23 దినముల సెలవు తీసికొనిన 54 మంది ఉద్యోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఆరోగ్యము, సంతోషము క్రమముగా పెరిగి ఎనిమిదవనాటికి శిఖరమును అందుకొనినవి. పనిలో తిరిగి చేరిన మొదటి వారములోనే అవి పూర్వస్థితికి దిగిపోయినవి. అట్లయిన సెలవెందుకు అని కొందరు అడుగుదురు. నిన్నటి భోజనము నేటి ఆకలి తీర్చలేదు కదా అని భోజనము మానివేయుదుమా?

సెలవులో కొంచెము పని చేయుటయే మేలని వాదించువారును కలరు. రోజుకొక అరగంట ఉత్తరములు చూచుకొనినచో, తిరిగి వచ్చునప్పటికి కొండవలె పేరుకొనవని వారందురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. పైగా కొందరికి పనియే ఆనందము. ఫ్రెంచి గణితజ్ఞుడు ఆన్రీ పోయిన్‌కారే తన గణితమును విడిచి ఒక భూగర్భశాస్త్ర యాత్రకు పోయి, కుటాన్స్ అను ఊరిలో గుఱ్ఱపుబండి మెట్టుపై కాలు మోపిన క్షణమున, ఎంతకాలముగనో చిక్కని భావము తటాలున స్ఫురించెనని 1908లో చెప్పుకొనెను. విశాఖపట్టణములో చదువు ప్రారంభించిన సి. వి. రామన్ 1907 నుండి పదేండ్లు ఆర్థికశాఖ ఉద్యోగము చేయుచు, కలకత్తాలో ఉన్న కాలమున ఉదయము, సాయంకాలము విజ్ఞాన పరిషత్తు ప్రయోగశాలలో గడపెను. ఇవి తీరికలో చేసిన పనులు కావా?

అవును. కాని రామన్‌ను ఆ ప్రయోగశాలకు ఎవరును పిలువలేదు. ఒకనాడు పోకున్నను సంజాయిషీ అడుగువారు లేరు. పోయిన్‌కారే పని విడిచి యాత్రకు పోయెను, పనిని వెంట మోసికొని పోలేదు. భేదమంతయు ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయము. సెలవులో ఒక ఉపాధ్యాయుడు తన ఇష్టముచే పూలమొక్కలపై పరిశీలన చేసినచో అది ఆయన తీరికయే. ఖాళీ గడి నింపుమని వచ్చిన పిలుపు తీరిక కాదు, అది ఎంత చిన్నదైనను సరే.

‘నేను లేనిదే పని సాగదు’ అని చెప్పు ఉద్యోగి సంగతి ఏమి? దీనికి భారతీయ రిజర్వు బ్యాంకు 2021లో బ్యాంకులకు ఇచ్చిన ఆదేశము చక్కని ఉదాహరణము. కీలకమైన స్థానములలో ఉన్న ఉద్యోగులను ఏటా ఒకసారి, ముందు తెలుపకుండ, ఒకే విడతగా కనీసము 10 పనిదినములు సెలవుపై పంపవలెనని అందులో ఉన్నది. ఆ దినములలో సాధారణమైన ఈ-మెయిలు తప్ప తమ పనికి సంబంధించిన కాగితములను గాని కంప్యూటరు వ్యవస్థలను గాని వారు ముట్టరాదు. దీని ఉద్దేశము విశ్రాంతి కాదు, మోసములు బయటపడుట. ఒక ఖాతాను ఎప్పుడును ఒకే చేయి చూచుచుండిన తప్పు దాగియుండును. మరియొక చేయి పడినచో కనబడును. అయినను మన ప్రశ్నకు ఇందులో జవాబు దొరకుచున్నది. ఆ పది దినములును బ్యాంకు తెరచియే ఉండును. పని మరొకరికి అప్పగించు ఏర్పాటు ఉన్నచో ఎంతటివాడైనను పక్కకు తప్పుకొనవచ్చును. ఏర్పాటు లేనిచోటనే పని ఫోనువెంట ఊరూర తిరుగును.

ఇతర దేశములు ఈ దారినే పోవుచున్నవి. ఫ్రాన్సులో 2017 జనవరి నుండి, 50 మంది గాని అంతకు మించి గాని పనివారు గల సంస్థలు పనివేళల వెలుపల ఫోనును, ఈ-మెయిలును కట్టిపెట్టు హక్కును గూర్చి ఉద్యోగులతో చర్చించవలెనను చట్టము అమలులోనికి వచ్చినది. పోర్చుగలు 2021లో, ఆస్ట్రేలియా 2024లో ఇట్టి నియమములనే చేసినవి.

మన ఉపాధ్యాయుల నియమావళిలో కూడ ఇందుకు ఒక బీజము కలదు. వేసవి సెలవులు ఉన్నందున వారికి ఆర్జిత సెలవు ఇతర ఉద్యోగులకన్న తక్కువ. కాని పై అధికారి ఉత్తరువుపై పరీక్షల విధులకో, జనాభా లెక్కలకో పోయి వేసవి సెలవును అనుభవింపలేకపోయినచో, అట్లు పోయిన దినములకు తగినట్లు ఆర్జిత సెలవు ఖాతాలో జమ యగును. సెలవులో చేసిన పని సెలవు కాదని నియమమే ఒప్పుకొనుచున్నది. మన మిత్రుని పది నిమిషములకు మాత్రము ఉత్తరువు లేదు, జమయు లేదు. బడి మూయుటకు ముందటి దినమున ఉపాధ్యాయులందరు కలసి పట్టికలన్నియు ఒకమారు సరిచూచి, మే నెలలో ఏ వారము ఎవరు బడి వ్యవహారములు చూతురో ఒక కాగితముపై వ్రాసి, ఆ కాగితమును పై కార్యాలయమునకు కూడ పంపినచో, తక్కినవారి ఫోను మ్రోగవలసిన అవసరము చాలవరకు తప్పును. దీనికి పట్టునది ఒక పూట.