తన రూపమును తాను వ్రాసికొనుట: పారిసు నగరపు ఇరువురు చిత్రకారిణులు

ఉషాపరిణయకథ నెఱుగనివారు మన గ్రామములలో నుండరు. ఉష కలలో గాంచిన పురుషు డెవ్వడో తెలిసికొనుటకై చెలికత్తెయగు చిత్రరేఖ దేవ గంధర్వ మనుజుల రూపముల నెల్ల పటమున వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము వచ్చినంతనే ఉష సిగ్గుతో తల వంచుకొనెను. ఇంతటి నేర్పరి యగు చిత్రరేఖ తన రూపము నెన్నడైనను వ్రాసికొనెనా? కథలో ఆ ప్రస్తావనము లేదు. ఇతరుల రూపము వ్రాయుటకు చేతినేర్పు చాలును. తన రూపము వ్రాసికొనవలెనన్నచో ‘నే నెవ్వతెను? లోకమునకు నన్నెట్లు చూపుకొందును?’ అను ప్రశ్నకు ముందుగా బదులు చెప్పుకొనవలయును. ఇట్టి పటమును ఆత్మచిత్ర మందము. పందొమ్మిదవ శతాబ్దమున పారిసు నగరమందు ఈ ప్రశ్న నెదుర్కొన్న ఇరువురు చిత్రకారిణులను గూర్చి నేడు మనవి చేసెదను.

1874లో ఆ నగరమునందు కొందఱు చిత్రకారులు, ప్రభుత్వపు వార్షిక ప్రదర్శనముతో నిమిత్తము లేక, నాదార్ అను ఛాయాచిత్రకారుడు ఖాళీచేసిన గదులలో తమ పటములను తామే ప్రదర్శించిరి. అందు మోనే యను నాతడు తన సూర్యోదయపు పటమునకు ‘ఇంప్రెషన్’ అని పేరిడగా, ఒక పత్రికావిమర్శకుడు ఆ మాటను పట్టుకొని వారి నందఱను ‘ఇంప్రెషనిస్టు’లని పరిహసించెను. వెక్కిరింతగా పుట్టిన పేరే స్థిరపడినది. కన్ను పడిన క్షణమున వస్తువు వెలుగునం దెట్లు తోచునో అట్లే, కుంచెగుర్తులను దాచక, త్వరితముగా వ్రాయుట వారి మార్గము. దగ్గఱ నిలిచి చూచినచో రంగుల పూతలే కనబడును. నాలుగడుగులు వెనుకకు పోయినచో మనిషి కనబడును.

ఆ ప్రదర్శనమున పాల్గొన్న వారిలో బెర్త్ మోరిసో (1841-1895) యొకతె. 1886 వఱకు జరిగిన ఎనిమిది ప్రదర్శనములలో ఈమె ఒక్కదానికే దూరమయ్యెను; అది కుమార్తె జూలీ పుట్టిన మఱుసటి సంవత్సరము, 1879. ఆ కాలమున పారిసులోని ప్రభుత్వ కళాశాలలో స్త్రీలకు ప్రవేశము లేదు. 1897లో గాని ఆ తలుపు తెఱువబడలేదు. కులీన స్త్రీలు తోడు లేక వీథిలోనికి రారాదు. చిత్రకారులు గుమిగూడి కళను గూర్చి వాదించు కాఫీశాలలలో వారు కూర్చుండరాదు. బెర్త్‌తోపాటు ఆమె యక్క ఎద్మా కూడ శ్రద్ధతో చిత్రలేఖనము నేర్చెను. 1869లో వివాహమైనది, కుంచె మూలబడినది. ఇట్టి కథలు మన యిండ్లలోను కలవు గదా! బెర్త్ మాత్రము 1874లో పెండ్లాడిన పిమ్మటను వ్రాయుట మానలేదు. పటములపై పుట్టింటి పేరుతోనే సంతకము చేయుచుండెను.

ఆమె మఱది వంటి బంధువుగా కాక, పెండ్లికి ముందే ఆమెను బాగుగ నెఱిగినవాడు భర్త యన్నగారు, ప్రసిద్ధ చిత్రకారుడు ఎదువార్ మానే. (మోనే వేఱు, మానే వేఱు.) ఆతడు ఆమె రూపమును ఇంచుమించు పండ్రెండు మార్లు వ్రాసెను. ఒకచోట విసనకఱ్ఱ, ఒకచోట ఊదాపూల గుత్తి, ఒకచోట ముసుగు. ఎల్లయు అందమైన పటములే. కాని ఒక్కదానియందును ఆమె చేత కుంచె లేదు! తనవలెనే చిత్రకారిణి యని యెఱిగియు మానే ఆమెను అట్లు చూపలేదు.

ఇక ఆత్మచిత్రమునకు అద్దమే ఆధారము. ఒకమాఱు అద్దమును చూచుట, ఒకమాఱు పటముపై కుంచె నుంచుట. కనుకనే అట్టి పటములలోని కన్నులు తఱచుగా మనలను సూటిగా చూచుచున్నట్లుండును. నిజమునకు అవి చూచునది అద్దమును. 1885లో, నలువదినాలుగేండ్ల వయసున, బెర్త్ ఇట్లద్దము ముందు నిలిచెను. నెఱయుచున్న తల వెనుకకు దువ్వియున్నది. గోధుమవన్నె దుస్తు, మెడకొక నల్లని గుడ్డ, చేత కుంచెలును రంగులు కలుపుకొను పలకయు. అంచులు పూర్తిచేయక విడిచినది. వయసును దాచుకొనలేదు, సొగసును చేర్చుకొనలేదు. మానే పటములలోని సుందరి యిచట లేదు. పనిలోనున్న మనిషి యున్నది. ఆ సంవత్సరమే కుమార్తెతో కూడిన తన రూపమును వేఱొక పటమున వ్రాసికొనెను. తల్లియు తానే, చిత్రకారిణియు తానే.

రెండవ యామె మేరీ కసాట్ (1844-1926). అమెరికాలో పుట్టి పారిసున స్థిరపడి, వివాహమాడక చిత్రలేఖనమే వృత్తిగా జీవించినది. పనిగది ఖర్చులు పటముల అమ్మకముచేతనే గడవవలెనని తండ్రి నిర్బంధించెను. 1878 ప్రాంతమున వ్రాసికొన్న ఆత్మచిత్రమున ఈమె తెల్లని దుస్తులతో, పూల టోపీతో, ఒక ప్రక్కకు ఒరిగి కూర్చున్నది; చూపు వేఱొక దిక్కున నున్నది. ఒక్క యద్దముతో ప్రక్కచూపు చూచు తన కన్నులను తాను చూడజాలదు గదా! కావున అది అద్దము చూపినది కాదు, ఆమె కోరి కల్పించుకొనినది. రెండేండ్లకు వ్రాసికొన్న మఱియొక చిత్రమున చూపు మనవైపు మరలినది, ఆమె పనిచేయుచున్నది.

ఈమె మిత్రుడు, ఈమెను ఆ బృందములోనికి పిలిచినవాడు, దెగా యను చిత్రకారుడు ఈమె చేత కొన్ని చీట్లు పట్టుకొని ముందునకు వంగి కూర్చున్నట్లు ఒక పటము వ్రాసెను. చాలకాల మది ఈమెయొద్దనే యుండెను. వృద్ధాప్యమున దాని నమ్మదలచి, అది తన రూపమని ఎవ్వరికిని తెలియరాదని వర్తకునకు వ్రాసెను. అందు కనబడు మనిషిని తానుగా ఒప్పుకొనుట కామెకు మన సొప్పలేదు. చమత్కార మేమనగా, దెగా వ్రాసిన ఆ పటమును, తాను పనిచేయుచు వ్రాసికొన్న ఆ ఆత్మచిత్రమును నేడు వాషింగ్టన్ నగరమున ఒకే చిత్రశాలయందున్నవి. చూచువారు రెండింటిని పోల్చుకొనవచ్చును.

బెర్త్ మోరిసో 1895లో మరణించెను. మరణపత్రమున వృత్తి యేదియు లేదని వ్రాసిరి. సమాధిపై యెజెన్ మానే వితంతువు అనియే చెక్కిరి. చిత్రకారిణి యను మాట లేదు. మఱుసటి సంవత్సరము దెగా, మోనే, రెన్వార్, కవి మలార్మే యను నలువురు మిత్రులు చేరి, ఆమె పటములు 300కు పైగా తామే గోడలకు తగిలించి ప్రదర్శించిరి.