కడుగు పంపు: దాని పని, దాని జబ్బులు

హౌరా–చెన్నై రైలుమార్గముపై నున్న నౌపడ పేరు వినగానే ఎవరికైనను ఉప్పు గుర్తుకు వచ్చును. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలములోని ఈ ఊరి పొలిమేరలో ఉప్పుమళ్లు పరచుకొని యున్నవి. మడిలోనికి ఉప్పునీటిని పెట్టుదురు; ఎండయు గాలియు నీటిని తీసికొనిపోవును; ఉప్పు మిగులును. అన్నములోనికి కావలసిన ఈ వస్తువే ఇనుమునకు శత్రువు. ఉప్పు మోయు ట్రాక్టరు తొట్టి, లారీ అడుగుభాగము, సైకిలు గొలుసు – ఉప్పు తగిలిన ఇనుమునెల్ల త్రుప్పు తినివేయును.

దీనికి కారణ మున్నది. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినచో మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరుగును. సముద్రపు ఉప్పులో కొద్దిగా కలిసియుండు మెగ్నీషియం క్లోరైడునకు 33 పాళ్ల తేమయే చాలును. సముద్రతీరమున గాలి ఇంతకంటె పొడిగా నుండుట అరుదు. కావున ఇనుముపై పడిన ఉప్పుదుమ్ము రాత్రి యంతయు తడిగానే యుండి లోహమును తినుచుండును. గుడ్డతో తుడిచిన అది పోదు. మంచినీటితో మూలమూలలను కడిగివేయవలెను. ఇందుకే వాహనములు కడుగు దుకాణములలో అధిక పీడనపు పంపును వాడుదురు.

అయితే ఉప్పును వదలగొట్టు ఈ పంపే ఉప్పునకు సులభముగా లొంగిపోవును. ఒక ఏడాది గోడ పగులునట్లు నీటిని చిమ్మిన పంపు మరుసటి ఏడాది నీరసించును. యజమాని మోటారును అనుమానించును. లేదా అప్పుచేసి కొత్త పంపు తెచ్చును. నిజమునకు చాలసార్లు చెడినది ఒక చిన్న రబ్బరు వలయమో, అరిగిన నాజిలో అయియుండును. ఆ సంగతి కనిపెట్టవలె నన్నచో పంపు అసలు ఏమి చేయునో ముందుగా తెలిసికొనవలెను.

పంపులోని అమరిక

ఉప్పుమళ్లకు నీరు తోడు పంపులో సాధారణముగా రెక్కల చక్రము తిరుగుచుండును. అది ఎక్కువ నీటిని తక్కువ ఎత్తునకు చిమ్మును. దాని మూతిని కొంచెముసేపు మూసినను ప్రమాదము లేదు. చక్రము నీటిలో ఊరకే తిరుగును.

కడుగు పంపు మరొక జాతికి చెందినది. దీనిలో గుండ్రని కడ్డీలు మూడు ఉండును. వీటిని ప్లంజరులందురు. మోటారు తిప్పు క్రాంకు వీటిని ఒకదాని తరువాత నొకటిగా ముందుకు వెనుకకు ఆడించును. ప్రతి ప్లంజరు ఎదుటను రెండు కవాటములు ఉండును. ప్లంజరు వెనుకకు జరిగినపుడు లోనికి తెరచుకొను కవాటము నీటిని రానిచ్చును. ముందుకు నెట్టినపుడు అది మూసికొని, బయటికి తెరచుకొను కవాటము నీటిని పోనిచ్చును. సైకిలు పంపులో గాలికి జరుగు పనియే ఇక్కడ నీటికి జరుగుచున్నది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియాకు చెందిన క్తెసిబియస్ ఇట్టి నెట్టుడు పంపును నిర్మించెనని ప్రాచీన గ్రంథకర్తలు వ్రాసిరి. అనగా ఈ సూత్రము చాల పాతది. దీనినే ఆధారముగా చేసికొని జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కెర్షర్ 1950లో వేడినీటిని అధిక పీడనముతో చిమ్ము కడుగు యంత్రమును తయారుచేసెను.

ప్లంజరు మూడు ఉండుట ఎందుకు? ఒక్కటే యున్నచో అది వెనుకకు పోవు సమయమున ధార ఆగిపోవును. మూడును వంతులు వేసికొని నెట్టుటచే ధార ఇంచుమించుగా ఎడతెగక వచ్చును.

ఒక లెక్క చూడవచ్చును. ప్లంజరు వ్యాసము 16 మిల్లీమీటర్లు, అది జరుగు దూరము 12 మిల్లీమీటర్లు అనుకొందము. ఒక్కొక్క నెట్టునకు సుమారు 2.4 ఘన సెంటీమీటర్ల నీరు వెడలును. మూడు ప్లంజరులు నిమిషమునకు 1440 చుట్లు చొప్పున పనిచేసినచో నిమిషమునకు సుమారు 10 లీటర్లు వచ్చును. ఇది చేతిపంపు ఇచ్చు నీటికంటె కూడ తక్కువ. అయినను ఈ కొద్ది నీరే గట్టిపడిన బురదను ఎట్లు పెకలించుచున్నది?

పీడనము పుట్టు చోటు

ఈ ప్రశ్నకు జవాబు పంపులో లేదు. గొట్టము చివర నున్నది. పంపు నీటిని నెట్టును, అంతే. నాజిలు తీసివేసినచో అదే పంపు నుండి అంతే నీరు కాలువ నీటివలె మెత్తగా పారును. చివర సన్నని రంధ్రము గల నాజిలు బిగించగానే నీటికి దారి ఇరుకగును. వెనుక నుండి ప్లంజరులు నెట్టుచునే యుండును. నీరు నొక్కుకొనిపోదు గనుక పీడనము పెరుగును. తోటకు నీరు పెట్టువారు గొట్టము మూతిని బొటనవ్రేలితో సగము మూసి నీటిని దూరముగా చిమ్ముట అందరికిని తెలిసినదే.

చదరపు సెంటీమీటరునకు 100 కిలోగ్రాముల పీడనమున్నపుడు నాజిలు నుండి నీరు సెకనుకు సుమారు 140 మీటర్ల వేగముతో, అనగా గంటకు 500 కిలోమీటర్ల వేగముతో వెడలును. నిమిషమునకు 10 లీటర్ల నీరు ఈ వేగముతో పోవుటకు మిల్లీమీటరున్నర కంటె చిన్న రంధ్రము చాలును. అదే పీడనమున ఒక్కొక్క ప్లంజరు తలపై పడు బలము 200 కిలోగ్రాములు, అనగా నాలుగు ఉప్పు బస్తాల బరువు. ఈ బరువును నిమిషమునకు 1440 సార్లు మోయుచు, నీటిని ఒక చుక్కయు వెనుకకు పోనీయకుండ ఆపు పని ప్లంజరు చుట్టునున్న సీలుది.

సీలును గూర్చి ఒక చిన్న కథ యున్నది. 1795లో ఇంగ్లండునందు జోసఫ్ బ్రామా నీటి పీడనముతో పనిచేయు ప్రెస్సునకు పేటెంటు పొందెను. కాని కడ్డీ ప్రక్కనుండి నీరు కారుచునే యుండెను. బిగువుగా కట్టిన కడ్డీ కదలదు. వదులు చేసిన నీరు ఆగదు. అతని కర్మాగారములో పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే దోనెవలె వంచిన తోలుపట్టీని అమర్చి ఈ చిక్కును విడదీసెనని చెప్పుదురు. నీటి పీడనమే పట్టీ అంచులను కడ్డీకి అదిమిపెట్టును. పీడనము లేనపుడు అంచులు తమంతట వదులగును. నేటి పంపులలోని సీలు తోలుది కాకపోయినను పనిచేయు తీరు అదియే.

విడుదల కవాటము

తుపాకీ మీట వదలినపుడు నీటికి దారి పూర్తిగా మూసికొనును. పంపు మాత్రము నెట్టుచునే యుండును. అట్టి సమయమున గొట్టము పగులకుండ, మోటారు బిగిసిపోకుండ నీటిని వెనుకదారిని పంపుటకు విడుదల కవాటము ఉన్నది. దుకాణములలో దీనిని అన్‌లోడరు అందురు. ఇది తెరచుకొన్నపుడు నీరు తిరిగి పంపు ముఖమునకే వచ్చు అమరిక చాల పంపులలో ఉండును. అదే నీరు మరల మరల తిరుగుటచే వేడెక్కును. వేడినీరు సీళ్లను పాడుచేయును. కావున మీట వదలి కబుర్లలో పడుట పంపునకు చేటు. రెండు మూడు నిమిషములకు మించి కడుగు పని లేనిచో మోటారును ఆపుట మేలు.

జబ్బును పట్టు పద్ధతి

నీటి తొట్టి మొదలుకొని నాజిలు వరకు నీరు నడచు దారివెంట వరుసగా పరీక్షింపవలెను. ఇందుకు పది లీటర్ల బకెట్టు, గడియారము చాలును.

మొదట పంపునకు నీరిచ్చు గొట్టమును ఊడదీసి బకెట్టులోనికి వదలవలెను. పై లెక్కలోని పంపునకైనచో బకెట్టు ఒక నిమిషము లోపలనే నిండవలెను. నిండనిచో లోపము పంపులో లేదు. కొళాయి చాలదు, లేదా గొట్టము మడతపడినది, లేదా వడపోత జాలి పూడినది. తొట్టిని పంపు కంటె ఎత్తున ఉంచుట అన్నింటికంటె మంచిది. వేగముగా ఆడు ఈ పంపులు పీల్చుటలో బలహీనములు.

రెండవది, నాజిలు తీసివేసి పంపును నడిపి, వచ్చు నీటిని కొలువవలెను. నిమిషములో బకెట్టు నిండినచో పంపు నీటిని సరిగానే తీసికొనుచున్నది. మూడవది, నాజిలు బిగించి, పెద్ద పీపాకు గోనె కప్పి, దానిలోనికి చిమ్మి మరల కొలువవలెను. నీరంతయు వచ్చి, పీడనము మాత్రము తక్కువగా నున్నచో నాజిలు అరిగినదని అర్థము. రంధ్రపు వైశాల్యము నూటికి పది పాళ్లు పెరిగినచో పీడనము 100 నుండి 83కు పడిపోవును. నాజిలు మార్చిన చాలును. నీరే తగ్గివచ్చినచో అది లోపలనే తప్పించుకొనుచున్నది: విడుదల కవాటము మూసికొనుట లేదు, లేదా సీలు అరిగినది, లేదా కవాటము క్రింద ఇసుకరేణువు ఇరుకుకొన్నది.

ఇక గుర్తులు చూచి తెలిసికొనదగినవి కొన్ని:

ధార కొట్టుకొనుచు, గొట్టము పాము వలె అదరుచున్నచో మూడు ప్లంజరులలో నొకదాని కవాటము పనిచేయుట లేదు, లేదా నీటితో గాలి కలియుచున్నది. లోనికి వచ్చు గొట్టపు కీళ్లపై నీరు పోసి చూడవలెను. పోసినపుడు చప్పుడు మారినచో గాలి చొరబడునది ఆ కీలుననే.

గులకరాళ్లు దొర్లునట్లు పంపు మ్రోగుచున్నచో దానికి నీరు చాలుట లేదు. నీరు చాలనిచోట పీడనము మిక్కిలి తగ్గి ఆవిరి బుడగలు పుట్టును. అవి చిట్లునపుడు లోహము గుంటలు పడును. నీరు వేడిగా నున్నచో ఈ బాధ హెచ్చును.

క్రాంకు పెట్టెలోని నూనె పాలవలె తెల్లబడినచో సీలు దాటి నీరు నూనెలో కలిసినది. సీలును, నూనెను రెండింటిని మార్చవలెను. నూనెను మాత్రమే మార్చుట వృథా.

మీట వదలియుండగా మోటారు ఉండి ఉండి బరువెక్కుచున్నచో బయటి గొట్టములోనో తుపాకీలోనో నీరు కారుచున్నది.

మోటారు మూలుగుచు తిరుగనిచో వెంటనే మీటను ఆపి, తుపాకీని నొక్కి గొట్టములో చిక్కిన పీడనమును వదలి చూడవలెను. అప్పటికిని తిరుగనిచో వోల్టేజి తక్కువయో, మోటారు కండెన్సరు చెడినదో విద్యుత్తు పనివానిచే చూపింపవలెను.

ఉప్పు చేయు హాని

ఉప్పునీటిని ఈ పంపుతో ఎన్నడును తోడరాదు. నీటిలోని క్లోరైడు అల్యూమినియమును తినును; ఇత్తడిలోని జింకును కరగించి దానిని గుల్ల చేయును; స్టెయిన్‌లెస్ ఉక్కులో కూడ సన్నని గుంటలు తొలుచును. బావినీరు మంచిదో కాదో తెలియుటకు గరిటెడు నీటిని పొయ్యిపై పూర్తిగా ఇంకించి చూడవచ్చును. గరిటెలో దట్టమైన తెల్లని పొర మిగిలినచో ఆ నీరు పంపునకు పనికిరాదు.

నీరు కొద్దిగా ఉప్పనైనను, పంపు నడచుచున్నంతవరకు కనబడు కీడు తక్కువ. ఆపిన తరువాతనే అసలు హాని జరుగును. నాజిలులోను, కవాటముల క్రిందను నిలిచిన నీరు మెల్లగా ఆరును, ఉప్పు మిగులును. నౌపడ మళ్లలో ఎండ చేయు పనియే పంపు లోపలను జరుగుచున్నది. ఆ స్ఫటికములు కవాటమును పట్టివేయును. మరునాడు పంపు కదలగానే సీలు అంచును గీరివేయును. వానలు పడి ఉప్పు పండించుట ఆగిన నెలలలో మూలబెట్టిన పంపునకు ఈ జబ్బు తప్పక వచ్చును.

దీనికి మందు చౌక. ప్రతి సాయంత్రము రెండు నిమిషములు మంచినీటితో పంపును నడుపవలెను. మోటారు ఆపిన తరువాత తుపాకీని నొక్కి పీడనము వదలవలెను. ఎక్కువకాలము మూలబెట్టునపుడు లోపలి నీటిని ఓడ్చవలెను. పంపు బయటిభాగమును గూడ తడిగుడ్డతో తుడువవలెను.

ప్రాణాపాయము

ఈ ధారను మనిషిపై గాని పశువుపై గాని మళ్లించరాదు. దగ్గరనుండి తగిలిన ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి సూదిపోటంత గాయమే కనబడును. లోపల కండరములు పాడగును, మురికి చేరును. నొప్పి లేదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోయి, ఏ యంత్రముతో తగిలినదో వైద్యునికి చెప్పవలెను. గొట్టము కారుచున్నచోటును చేతితో తడిమి వెదుకరాదు. పనిచేయు నేల తడిగా నుండును గనుక మోటారునకు ఎర్తు తీగయు, కరెంటు కారినచో తానుగా ఆగిపోవు స్విచ్చియు తప్పక ఉండవలెను. తడిచేతితో ప్లగ్గును ముట్టరాదు.

పంపు నీటిని నెట్టును, ఇరుకుదారి పీడనమును పుట్టించును. ఈ ఒక్కమాటను మనసున నుంచుకొన్నవాడు తన పంపు నీరసించినపుడు కొత్తదాని ధర అడుగుటకు ముందుగా బకెట్టును అడుగును. జవాబు తరచుగా చిల్లర ఖర్చుతో పోవు ఒక నాజిలో, ఒక సీలో అయియుండును.