పాత క్షవరపు కత్తులు

కొందరి యిండ్లలో తాతలనాటి పెట్టెయందు మడతపెట్టు క్షవరపు కత్తి యొకటి తుప్పుపట్టి పడియుండును. పనికిరానిదని దానిని పారవేయుదురు. లేదా మెరయవలెనని యిటుకపొడితో తోముదురు. రెండును పొరపాటులే. ఆ కత్తి తన వయస్సును తానే చెప్పగలదు. దానిని చదువు విధము మనకు తెలియవలెను.

ఇట్టి కత్తులకు ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెను పేరుపొందిన పట్టణములు. షెఫీల్డు కత్తులను గుర్తించుటకు మూడు సాక్ష్యములు గలవు.

మొదటిది అలుగు. 18వ శతాబ్దపు కత్తికి తోక మిక్కిలి పొట్టి; తరువాతి కాలమున నది పొడవై వంపు తిరిగెను. పాత యలుగు వెన్నున మందమై, అంచు వరకు తిన్నగా సన్నగిలును. ఇరుప్రక్కల లోతుగా సానపట్టిన పలుచని యలుగు 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున వ్యాపించెను.

రెండవది అలుగునకును తోకకును నడుమ నుండు ముద్ర. కిరీటముతో 'వి. ఆర్.' అని యున్నచో అది 1837–1901 నడుమ నేలిన విక్టోరియా రాణి కాలపుది. కొన్నిటిపై 'వెండి యుక్కు' అని యుండును. ఈ మాటకు మన దేశముతో సంబంధము గలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మున్నగు చోట్ల మూసలలో కరగించి చేసిన యుక్కు 'వూట్జు' అను పేర ఐరోపాలో ప్రసిద్ధి కెక్కెను. అట్టి యుక్కును పోలినదానిని చేయగోరి లండనులో స్టోడార్టు అను కత్తుల పనివాడును, శాస్త్రజ్ఞుడగు ఫారడేయును ఉక్కులో వెండి మొదలగు లోహములను కలిపి చూచి, 1820లో ఫలితములను ప్రకటించిరి. పిమ్మట 'వెండి యుక్కు' అను ముద్ర వ్యాపించెను. అయినను ఆ మాట యున్నంతమాత్రమున కత్తిలో వెండి గలదని నమ్మరాదు.

మూడవది పిడి. కొమ్ము, దంతము, తాబేటి చిప్ప పూర్వపు వస్తువులు. సెల్యులాయిడు 1870 తరువాత వచ్చినది. కాని పిడిని చిన్న మేకులతో బిగింతురు గనుక, పాత యలుగునకు క్రొత్త పిడి తొడుగుట సులభము.

కావున ఒక్క గురుతును జూచి తీర్పు చెప్పరాదు. మూడు సాక్ష్యములును ఏకీభవించినప్పుడే నమ్మవలెను. తుప్పును గట్టిగా గీకినచో దానితో ముద్రయు పోవును. పోయిన ముద్ర మరల రాదు. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాచి, పొడిచోట నుంచుడు. సెల్యులాయిడు పిడి చివికినచో దాని యావిరి ఉక్కును తినివేయును. అట్టి కత్తిని వేరుగా నుంచవలెను. అంచు ఇంకను పదునుగా నుండవచ్చును గనుక, పిల్లలు పెద్దల యెదుటనే దానిని తాకవలెను.