టంకము వేయునప్పుడు లేచు పొగ

ఒకప్పుడు ఊరూర తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేయువారు, కాగిన గిన్నెలో నవాసాగరము చల్లగానే తెల్లని పొగ గుప్పున లేచెడిది. ఆ పొగ తగరముది కాదు, నవాసాగరముది. గిన్నెపై ఏర్పడిన ఆక్సైడు పొరను తొలగించి, కరిగిన తగరము అంటుకొనునట్లు చేయుటయే దాని పని. ఇంటిలో రేడియో భాగములకో, విద్యుత్తు తీగలకో టంకము వేయునప్పుడు, అనగా సోల్డరింగ్ చేయునప్పుడు, లేచు పొగ సంగతియు ఇట్టిదే.

టంకము చాలవరకు తగరము, సీసముల మిశ్రలోహము. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, సీసము 327 డిగ్రీల వద్ద కరుగును. కాని 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము కలిపిన మిశ్రమము 183 డిగ్రీలకే కరుగును. ఈ టంకపు తీగ నడుమ రోజిన్ అను పదార్థము నింపబడియుండును. ఇది పైన్ చెట్ల జిగురునుండి తీసినది. కళాయిలో నవాసాగరము చేయు పనిని ఇక్కడ రోజిన్ చేయును.

కొత్తగా పని నేర్చువారు పొగను చూచి, సీసమే ఆవిరియై లేచుచున్నదని భయపడుదురు. సీసము మరుగుటకు 1,700 డిగ్రీలకు మించిన వేడి కావలెను. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల ప్రాంతమున ఉండును. మరుగకపోయినను నీరు ఆవిరి యగుచున్నది కదా అని విద్యార్థి అడుగవచ్చును. నిజమే, కాని ఈ వేడిలో సీసమునుండి వచ్చు ఆవిరి అత్యల్పము. కంటికి కనబడునది రోజిన్ పొగ.

అంతమాత్రమున అది నిరపాయకరమని తలపరాదు. రోజిన్ పొగ కండ్లను, గొంతును మండించును. పదే పదే పీల్చినచో కొందరికి ఉబ్బసము కలుగును. ఒకసారి శరీరము దానికి అలవడక ఎదురు తిరిగినచో, తరువాత కొద్దిపాటి పొగకే ఆయాసము రావచ్చును.

మరి సీసము? అది ముక్కుద్వారా కాక, చేతినుండి నోటికి పోవును. తీగను పట్టిన వ్రేళ్ళకు సీసము అంటును. ఆ చేతితోనే చిరుతిండి తినుట, తీగను పండ్లతో పట్టుకొనుట ప్రమాదకరము. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసము హాని చేయును. ఇంతవరకు ఫరవాలేదని చెప్పదగిన మోతాదు ఏదియు తెలియరాలేదు. కావున భోజనపు బల్లపై ఈ పని చేయరాదు. పని ముగిసినంతనే చేతులు సబ్బుతో కడుగవలెను. బల్లను ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.

ఐరోపా సమాఖ్యలో 2006 జూలైనుండి ఎలక్ట్రానిక్ పరికరములలో సీసమును నియంత్రించిరి. తగరము, వెండి, రాగి కలిసిన టంకము వాడుకలోనికి వచ్చినది. ఇది దాదాపు 217 డిగ్రీల వద్ద కరుగును గనుక ఎక్కువ వేడి కావలెను. ఇందులో సీసపు భయము లేదు, కాని రోజిన్ పొగ తప్పదు.

వేడిగాలి తేలిక గనుక పొగ నిట్టనిలువుగా లేచి, పనిపై వంగిన ముఖమునకే తగులును. పైకప్పు పంకా దానిని గదియంతయు వ్యాపింపజేయును. ముక్కుకు కట్టిన గుడ్డ దానిని ఆపజాలదు. బల్లను కిటికీ ప్రక్కన వేసి, చిన్న పంకాను పనికిని కిటికీకిని నడుమ, వెనుకభాగము పనివైపు ఉండునట్లు నిలుపవలెను. అప్పుడది పొగను లాగి వెలుపలికి పంపును. తలను కొంచెము ప్రక్కకు ఉంచవలెను.

కాలిన మొనను ఎల్లప్పుడు స్టాండుపైననే ఉంచవలెను; జారి పడినచో చేతితో పట్టబోరాదు. చర్మము కాలినచో చల్లని కుళాయి నీటిక్రింద 20 నిమిషములు ఉంచవలెను. తీగల కొనలు కత్తిరించునప్పుడు ముక్కలు ఎగిరిపడును గనుక కంటికి అద్దములు అవసరము.

ఏర్పాటు సరిగా ఉన్నదో లేదో ఒక అగరువత్తి చెప్పగలదు. ఐరన్ వేడి చేయుటకు ముందే, టంకము వేయవలసిన చోట అగరువత్తిని వెలిగించి, పనికి కూర్చున్నట్లే కూర్చుండి చూడవలెను. పొగ కిటికీవైపు సాగినచో పని ప్రారంభింపవచ్చును. ముఖమువైపు వచ్చినచో ముందుగా పంకా చోటు మార్చవలెను.