చెరకు దీవిలో చిట్టి ఓడలు

ఎప్పుడో మునిగిన, కాలిపోయిన, విరిచేసిన తెరచాప ఓడలు మారిషస్‌లో మళ్లీ పుడుతున్నాయి. అవి బల్ల మీద పట్టేంతే ఉంటాయి గానీ కొలత మాత్రం తప్పవు.

మారిషస్ నడిమధ్య, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంటుంది క్యూర్‌పీప్. చలికీ ముసురుకీ పేరున్న ఊరు. చుట్టూ సముద్రమే ఉన్న దేశంలో ఒడ్డుకు ఇంత ఎడంగా ఉన్న పట్నం ఓడలకు ప్రసిద్ధి కావడం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. 1968 ప్రాంతంలో ఎవరో సరదాకు చెక్కిన ఒక ఓడతో ఇదంతా మొదలైందని చెబుతారు. చూసినవాళ్లు కావాలన్నారు, చేసేవాళ్లు పెరిగారు. ఉత్తరాన గుడ్‌ల్యాండ్స్ దాకా వర్క్‌షాపులు వెలిశాయి. ఇతర దేశాల్లో రిటైరైనవాళ్లు ఇంట్లో ఏళ్ల తరబడి తీరిగ్గా చేసుకునే హాబీ, ఇక్కడ వందల కుటుంబాలకు అన్నం పెట్టే విద్య అయింది.

కాగితం దగ్గర మొదలు

మంచి వర్క్‌షాపులో మొదట విప్పేది ప్లాను. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం తన ఓడలకు గీయించిన ప్లాన్లు లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. వాటి నకళ్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. సాధారణంగా అడుగుకు పావు అంగుళం లెక్కన, అంటే అసలు ఓడలో 48వ వంతుగా గీసినవి అవి. ఒకే ఓడను మూడు తీర్లుగా చూపిస్తారు. పక్క నుంచి చూస్తే ఒకటి, పై నుంచి చూస్తే ఒకటి, ఎదురుగా నిలబడి చూస్తే ఒకటి. ఓడకు కుడీ ఎడమా సమానం కాబట్టి పై నుంచి చూసే బొమ్మలో సగమే గీస్తారు. ఓడ ఒంటి మీద ఏ బిందువును తీసుకున్నా మూడు బొమ్మల్లోనూ దాని కొలత ఒక్కటే రావాలి. అలా వస్తేనే చెక్క మీద రంపం పెడతారు.

లెక్క ఎంత సన్నగా ఉంటుందో విక్టరీని చూస్తే తెలుస్తుంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ నిలబడిన ఓడ ఇదే. 1765లో నీటికి దిగింది, 104 ఫిరంగులు మోసింది. ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు, అంటే దాదాపు 57 మీటర్లు. నూరో వంతుకు కుదిస్తే 57 సెంటీమీటర్లు. అప్పుడు ఆరడుగుల నావికుడు రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. పది సెంటీమీటర్ల మందం మోకు ఒక మిల్లీమీటరు దారమవుతుంది. దారం కొంచెం లావైతే చాలు, ఆ ఓడ అబద్ధం చెబుతుంది.

అడుగున పొడవాటి దూలం, దాని మీద పక్కటెముకల్లా నిలిచే అడ్డ చట్రాలు, వాటి పైన సన్నటి పలకలు. అసలు ఓడ కట్టిన వరసే ఇక్కడా. ముక్కు దగ్గర ఓడ ఒళ్లు సన్నబడుతుంది కాబట్టి ప్రతి పలకనూ చివర్లో చిత్రిక పట్టి, తడిపి, వేడి చూపి వంచాలి. కర్ర టేకో మహాగనో అయితే మేలు. కర్పూర చెట్టు కర్ర చవకే గానీ పగుళ్లిస్తుంది.

ఒళ్లు తయారయ్యాక ఓడ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోకి వెళుతుంది. తాళ్లు కట్టడం, తెరచాపలు కుట్టడం వాళ్ల పని. స్తంభాలను నిలబెట్టే తాళ్లకు ఆనాడు తారు పూసేవారు కాబట్టి అవి నల్లగా ఉండాలి. తెరచాపలను లాగే తాళ్లు లేత రంగులో ఉండాలి. నావికులు పైకెక్కే తాళ్ల నిచ్చెనల్లో ప్రతి మెట్టుకూ పట్టకారుతో ముడి వేయాలి. తెరచాప గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచుతారు, ఉప్పుగాలి తిన్న రంగు రావడానికి. పెద్ద ఓడ ఒక్కటి పూర్తి కావడానికి వందల గంటలు పడుతుంది.

పంచదార తెచ్చిన ఓడలు

గుడ్‌ల్యాండ్స్‌కు చేరువలోనే ఆంబ్ర్ దీవి ఉంది. దాని బయటి పగడపు దిబ్బల మీద 1744 ఆగస్టులో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడ సెయింట్ జెరాన్ బద్దలైంది. కొద్దిమందే ఒడ్డుకు చేరారు. ఆ విషాదమే 1788లో వచ్చిన ‘పాల్ ఎ విర్జినీ’ నవలకు మూలం. ఆ ఓడలో చక్కెర మిల్లు యంత్రాల భాగాలు కూడా ఉన్నాయి. ఓడ మునిగినా చెరకు మాత్రం దీవిని కమ్మేసింది. ఆ తోటల్లో మొదట బానిసలు చెమటోడ్చారు. 1835లో బానిసత్వం రద్దయింది. వాళ్ల చోటికి భారతదేశం నుంచి కూలీలు వచ్చారు, 1834 మొదలు దాదాపు 5 లక్షల మంది. వాళ్లు మెట్లెక్కిన పోర్ట్ లూయిస్ ఆప్రవాసీ ఘాట్ ఇప్పుడు ప్రపంచ వారసత్వ స్థలం.

వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవులో ఓడెక్కారు కాబట్టి అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. నేటికీ ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవు. ఆ దీవికి మొదటి నుంచీ సొంత జనం లేరు. ఎవరి తాతలైనా ఓడ దిగినవాళ్లే. అలాంటి చోట చేతులు ఓడలను ఇంత శ్రద్ధగా కట్టడం నాకు ఎంతో సముచితంగా అనిపిస్తుంది.

మన ఓడల ప్లాన్లేవి?

సెయింట్ జెరాన్ తరం ఓడలు ఏనాడో పోయాయి. కాగితం మిగిలింది కాబట్టి వాటిని మళ్లీ కట్టగలుగుతున్నారు. మరి కోరంగి ఓడలు? ఒకప్పుడు ఆ రేవులో ఓడలు కట్టేవారు, దూరదేశాల ఓడలకు మరమ్మతులు చేసేవారు. పక్కనే తాళ్లరేవు పడవల తయారీకి ఇప్పటికీ పేరున్న ఊరు. కానీ మన మేస్త్రీల కొలతలు కంటిలో, చేతిలో ఉండేవి. మేస్త్రీతోపాటే అవీ పోయేవి.

బయటివాళ్లు గీసుకుపోయినవి కొన్ని ఉన్నాయి. శ్రీలంకలోని ట్రింకోమలీ నౌకాదళ యార్డులో పనిచేసిన జాన్ ఎడై 1834లో కోరమాండల్ తీరపు దోనెను వర్ణించాడు. అది సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు ఉన్న సరుకుల పడవ. ఫ్రెంచి నావికుడు ఎడ్మండ్ పారీ ప్రపంచమంతా తిరిగి ఆసియా, ఆఫ్రికా పడవలను కొలిచి 1843లో గ్రంథంగా తెచ్చాడు. తర్వాత పారిస్ నౌకా మ్యూజియం అధిపతిగా ఉండి ఆ ప్లాన్లతోనే నమూనాలు చేయించాడు. ఒక మనిషి పట్టుదలతో గీసిన గీతలు వందల పడవలను బతికించాయి.

ఆ పని మనం ఇవాళే మొదలుపెట్టవచ్చు. దానికి టేపు, గ్రాఫు కాగితం, ఓర్పు చాలు. కాకినాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక సెలవుల్లో తాళ్లరేవు మేస్త్రీల పక్కన కూర్చుని, వాళ్లు కడుతున్న చెక్క పడవను మూడు వైపుల నుంచీ కొలిచి గీస్తే, దాని భాగాల పేర్లూ కొలతలూ వాళ్ల నోటి మాటగా రాసుకుంటే, తెలుగు తీరానికి సొంత ప్లాను వస్తుంది. ఆ తర్వాత దాన్ని ఏ ఊళ్లోనైనా, ఏ బల్ల మీదైనా ఎవరైనా కట్టుకోవచ్చు. కట్టేవాళ్లు దొరుకుతారని మారిషస్ రుజువు చేసింది. గీసేవాళ్లు మనలోంచి రావాలి.