5 వోల్టులు.. 3.3 వోల్టుల మధ్య వారధి
- లెవల్‌ ట్రాన్స్‌లేటర్‌ లేకుంటే బోర్డుకు ముప్పు
- ప్రాజెక్టు విద్యార్థులకు అవగాహన అవసరం

నీటి ట్యాంకు మట్టాన్ని తెలిపే పరికరం పాలిటెక్నిక్‌, ఇంజినీరింగ్‌ విద్యార్థులు తరచూ ఎంచుకునే ప్రాజెక్టు. ఇందులో వాడే హెచ్‌సీ-ఎస్‌ఆర్‌04 అల్ట్రాసోనిక్‌ సెన్సర్‌ 5 వోల్టులతో పనిచేస్తుంది. దాని సంకేతాన్ని అందుకునే ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై 4 వంటి బోర్డుల పిన్నులు 3.3 వోల్టులకు ఉద్దేశించినవి. రెండింటినీ నేరుగా కలిపితే పిన్నులోని రక్షణ డయోడ్‌ గుండా అదనపు కరెంటు ప్రవహించి చిప్‌ దెబ్బతినే ప్రమాదముంది. కొన్నాళ్లు సవ్యంగా పనిచేసి, తీరా ప్రదర్శన రోజున మొరాయించినా ఆశ్చర్యం లేదు. సంకేత స్థాయిని మార్చే లెవల్‌ ట్రాన్స్‌లేటర్‌తో ఈ ముప్పు తప్పుతుంది.

ఒకే దిశలో అయితే..
సెన్సర్‌ ఎకో పిన్ను నుంచి బోర్డు పిన్నుకు 1 కిలో ఓమ్‌, బోర్డు పిన్ను నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు కలిపితే చాలు. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.33 వోల్టులే బోర్డుకు చేరతాయి.

3.3 నుంచి 5 వోల్టులకు పంపేటప్పుడు చిక్కు వేరు. 5 వోల్టుల సరఫరాపై పనిచేసే 74హెచ్‌సీ రకం చిప్‌లకు '1'గా గుర్తించేందుకు 3.5 వోల్టులు కావాలి. 3.3 చాలదు. 74హెచ్‌సీటీ రకానికి 2 వోల్టులే చాలు కనుక ఇక్కడ దానిని వాడుకోవచ్చు.

రెండు దిశల్లో అయితే..
ఐ2సీ తీగలపై సమాచారం ఇరువైపులా సాగుతుంది. ఇందుకు ఒక్కో తీగకు ఒక బీఎస్‌ఎస్‌138 మాస్‌ఫెట్‌ సరిపోతుంది. గేటును 3.3 వోల్టుల సరఫరాకు, సోర్సును 3.3 వోల్టుల తీగకు, డ్రెయిన్‌ను 5 వోల్టుల తీగకు కలపాలి. రెండు తీగలనూ వాటి వాటి సరఫరాలకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో అనుసంధానించాలి.

ఐసీ వాడితే జాగ్రత్తలు
* ఎనిమిది తీగలకు ఉపకరించే టీఎక్స్‌బీ0108లో వీసీసీఏ ఎప్పుడూ వీసీసీబీని మించరాదు. కనుక 3.3 వోల్టులు 'ఏ' వైపు, 5 వోల్టులు 'బీ' వైపు ఇవ్వాలి.
* ఓఈ పిన్నును రెసిస్టర్‌ ద్వారా గ్రౌండ్‌కు కలపాలి. రెండు సరఫరాలు స్థిరపడిన తర్వాతే దానిని పైస్థాయికి తేవాలి.
* దీని అవుట్‌పుట్‌ బలహీనం. ఐ2సీ తీగలకు పనికిరాదు.
* ఏ పద్ధతిలోనైనా రెండు వైపుల గ్రౌండ్‌లను తప్పనిసరిగా కలపాలి.

రెసిస్టర్ల పద్ధతిలో బోర్డును కలపడానికి ముందే ఎకో తీగ స్థానంలో 5 వోల్టులు ఇచ్చి, రెసిస్టర్ల నడుమ మల్టీమీటర్‌తో కొలవాలి. 3.3 వోల్టుల దరిదాపుల్లో చూపితేనే బోర్డుకు అనుసంధానించాలి. అంతకన్నా బాగా తక్కువ చూపితే రెసిస్టర్లు తారుమారయ్యాయేమో సరిచూసుకోవాలి.