కరువుకు వెరవని కారబ్ వృక్షం

దక్షిణ కాలిఫోర్నియా వీథులలో ఏడాది పొడుగునా దట్టమైన పచ్చని గుబురుతో కనిపించే చెట్లలో కారబ్ ఒకటి. శరదృతువులో దీని క్రింద చింతకాయలను పోలిన ముదురు గోధుమరంగు కాయలు రాలి ఉంటాయి. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. చింత, తంగేడు, కారబ్ మూడూ చిక్కుడు కుటుంబానికి చెందినవే. దీని శాస్త్రీయ నామం సెరటోనియా సిలిక్వా. మధ్యధరా సముద్ర పరిసర దేశాలలో అనాదిగా సాగులో ఉన్నది.

బంగారాన్ని గురువింద గింజలతో తూచే సంప్రదాయం తెలుగువారికి సుపరిచితమే. మధ్యధరా దేశాలలో ఆ స్థానం కారబ్ గింజది. రత్నాల తూకానికి వాడే ‘కారట్’ అనే మాట ఈ గింజకు గల గ్రీకు పేరునుండి పుట్టినదే. నేటి ప్రమాణం ప్రకారం ఒక కారట్ 200 మిల్లీగ్రాములు. అయితే ఇతర గింజలతో పోల్చినప్పుడు కారబ్ గింజల బరువులో ప్రత్యేకమైన నిలకడ ఏదీ లేదని 2006లో వెలువడిన పరిశోధన తేల్చింది.

అమెరికాలో వ్యవసాయ శాఖ 1862లో ఏర్పడింది. అంతకుముందు విత్తనాల పంపిణీ పేటెంట్ కార్యాలయం చేతిలో ఉండేది. ఆ కార్యాలయమే 1854లో స్పెయిన్ నుండి కారబ్ విత్తనాలను తెప్పించింది. వాలు నేలలను దున్నక చెట్ల పంటలకు విడిచిపెట్టాలని 1929లో ‘ట్రీ క్రాప్స్’ అనే గ్రంథంలో వాదించిన జె. రస్సెల్ స్మిత్, కారబ్‌ను ముఖ్యమైన ఉదాహరణగా చూపాడు. తరువాత ఉద్యాన శాస్త్రజ్ఞుడు జె. ఎలియట్ కాయిట్ శాన్ డియాగో కౌంటీలోని విస్టాలో మేలురకాలపై కృషి చేశాడు.

ఈ చెట్టు సహనానికి కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. వేళ్ళు చాలా లోతుకు చొచ్చుకుపోయి అడుగు పొరలలోని తేమను గ్రహిస్తాయి. దళసరి ఆకులపై ఉండే మైనపు పూత నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఏటా 10 అంగుళాల వర్షంతో ఇది బ్రతకగలదు. మంచి కాపుకు 20 అంగుళాలు కావాలి. శాన్ డియాగో సగటు వర్షపాతం సుమారు 10 అంగుళాలు. కరువుసీమగా పేరుపడిన అనంతపురానిది 22 అంగుళాలకు దగ్గర. కాలిఫోర్నియా బాదం తోటలకు ఏడాదికి మూడు నాలుగు అడుగుల లోతు నీరు అవసరం. భూగర్భ జలాల వాడకాన్ని అదుపు చేసే చట్టం ఆ రాష్ట్రంలో 2014లో వచ్చినందున ఈ తేడాకు ప్రాధాన్యం పెరిగింది. పైగా ఏటేటా దున్నే పని లేదు గనుక నేల కోతకు గురికాదు.

కాయ గుజ్జులో దాదాపు సగం చక్కెరలే. దానిని వేయించి పొడిచేసి కోకోకు బదులుగా వాడతారు. ఇందులో కెఫీన్ ఉండదు. గింజలనుండి తీసే జిగురు ఐస్‌క్రీమ్‌ను చిక్కబరుస్తుంది. మన గోరుచిక్కుడు గింజల జిగురు కూడా ఇదే వర్గానికి చెందిన పదార్థం.

పరిమితులు లేకపోలేదు. చిక్కుడు జాతిదైనా దీని వేళ్ళపై సాధారణంగా బుడిపెలు ఏర్పడవు. కనుక వేరుశనగ వలె నేలకు నత్రజనిని సమకూరుస్తుందని ఆశించరాదు. పూత శరత్కాలంలో వస్తుంది గనుక శీతకాలపు గడ్డ మంచు లేత పిందెలను చంపుతుంది. బాదం సాగయ్యే లోయ ప్రాంతమంతటికీ ఇది ప్రత్యామ్నాయం కాజాలదు. తాటిచెట్టు వలె ఆడ, మగ చెట్లు వేరు. మగ పూల వాసన పలువురికి రుచించదు. వేళ్ళు కాలిబాటలను పైకి లేపుతాయి.

కనుక మంచు అంతగా పడని దక్షిణ కాలిఫోర్నియా, దక్షిణ అరిజోనాలలో విశాలమైన పెరడు ఉన్నవారు అంటుకట్టిన మొక్కను ఇంటి పునాదికీ, మురుగు గొట్టాలకూ దూరంగా నాటుకోవచ్చు. మొదటి రెండు మూడేళ్ళు నీరు పోయక తప్పదు. కాపుకు ఆరేడేళ్ళు ఓపిక పట్టాలి. ఆపైన చింతచెట్టు వలెనే నాటినవారి మనుమల కాలానికీ నీడనూ, కాయలనూ ఇస్తుంది.